వంతెన సంగతి తర్వాత, ముందు ఆ పొలం సంగతి చెప్పు

చి. అమ్మాయికి ఆశీస్సులు.

వంతెనల ఇంజనీరు జాన్ రోబ్లింగ్ మీద నువ్వు రాసిన జీవిత చరిత్ర రాతప్రతి అందింది. చదివాను. భాష బాగుంది. ఆ ముక్క ఒక్కసారే చెప్తాను, మళ్ళీ అడక్కు.

పద్నాలుగో పేజీ దగ్గర నాకు ఒళ్ళు మండింది. "కొన్నేళ్ళు వ్యవసాయం చేసిన తర్వాత జాన్ రోబ్లింగ్ ఇంజనీరుగా స్థిరపడ్డాడు" అని రాసేశావు. ఒక్క వాక్యం! మనిషి 1831లో అమెరికాలో దిగాడు, 1837లో గానీ మళ్ళీ ఇంజనీరు పని దొరకలేదు. ఆ ఆరేళ్ళూ ఎటు పోయాయి? న్యూయార్క్‌లో ఆయన పథకం వేసిన బ్రూక్లిన్ వంతెనకి మాత్రం నలభై పేజీలు. అసలు ఆ వంతెన కట్టడం ఆయన కళ్ళారా చూడనేలేదు. 1869లో రేవు దగ్గర కొలతలు తీసుకుంటుంటే ఫెర్రీ వచ్చి గుద్దుకుని పాదం నలిగింది. వేళ్ళు తీసేశారు. డాక్టర్లని పక్కకి నెట్టి తనకి నమ్మకమున్న నీళ్ళ వైద్యం చేసుకున్నాడు. ధనుర్వాతం వచ్చి జులై 22న పోయాడు. పని మొదలయింది మరుసటి ఏడాది. కొడుకు వాషింగ్టన్ మంచాన పడితే, కోడలు ఎమిలీ సైటుకీ ఇంటికీ తిరుగుతూ అతని మాట ఇంజనీర్లకి చేరవేసింది. 1883లో తెరిచారు. ఆ నలభై పేజీలూ వాళ్ళిద్దరివి, ఈయనవి కావు.

నువ్వెందుకలా రాశావో నాకు తెలుసు. "స్ఫూర్తి" కావాలి మన పత్రికలకి. పేదరికం అరపేజీ, పట్టుదల అరపేజీ, తర్వాత విజయం, చివర్లో పటం. ఈ స్ఫూర్తి జబ్బు వచ్చాక జీవిత చరిత్రలు చదవడమే మానేశాను. ఎవరి గురించి రాసినా ఒకే మనిషి కనిపిస్తున్నాడు.

మొదటి అధ్యాయం సంగతీ అంతే. ఓడ మీద నిలబడి సముద్రాన్ని చూస్తూ కన్నీళ్ళు పెట్టుకుని శపథం చేశాడా? ఎక్కడిదమ్మా ఆ శపథం? ఆ ప్రయాణం గురించి ఆయనే డైరీ రాసుకున్నాడు, అది పుస్తకంగా ఉంది. ఉన్నది వదిలేసి లేనిది రాయడం దేనికి? ఆయన కన్నీళ్ళతో బయల్దేరిన మనిషి కాడు, విసుగుతో బయల్దేరిన మనిషి. బెర్లిన్‌లో ఇంజనీరింగు చదివి, అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాలో ప్రభుత్వ రోడ్ల పనిలో కుదిరి, ప్రతి చిన్న పనికీ పై అధికారి, ఆ పై అధికారి, వాళ్ళ మీద మంత్రి ఏళ్ళ తరబడి ఫైలు నానబెట్టడం చూసి విసిగిపోయాడు. సెక్రటేరియట్ చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన మన వాళ్ళకి ఇది విడమరిచి చెప్పాలా? అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో భూమి, ఎండ ఉన్నా బానిసలున్న చోట బతకనని ఉత్తరాదికి వెళ్ళాడు. నువ్విది రాయనే లేదు.

ఇక పొలం. జర్మనీలో మ్యూల్‌హౌజెన్ అనే ఊళ్ళో పొగాకు కొట్టు నడిపే ఆయన కొడుకు, నాగలి పట్టి ఎరగనివాడు. అన్న కార్ల్‌తో కలిసి పెన్సిల్వేనియాలో బట్లర్ కౌంటీ కొండ మీద దాదాపు 1600 ఎకరాలు కొన్నాడు. వీధులు గీసి ఊరు వేశాడు, శాక్సన్‌బర్గ్ అని పేరు పెట్టాడు. మీరూ రండి, ఇక్కడ బతకొచ్చని సొంతూరి వాళ్ళకి పొడుగాటి ఉత్తరాలు రాశాడు. వచ్చారు పాపం. ఎక్కువ మంది చేతిపనుల వాళ్ళు. నేల చూస్తే బంకమట్టి. సేద్యం అచ్చిరాక ఈయన కానరీ పిట్టలు పెంచాడు. పట్టుపురుగులు పెంచాడు. అద్దకం పని పెట్టాడు. ఏదీ నిలబడలేదు. 1837లో గోధుమ చేలో ఎండదెబ్బ తగిలి కార్ల్ చనిపోయాడు. అదే ఏడు రోబ్లింగ్‌కి మొదటి కొడుకు పుట్టాడు, అదే ఏడు కాలవల సర్వేలో ఉద్యోగం దొరికింది, అమెరికా పౌరుడూ అయ్యాడు. ఇంత సామాను పెట్టుకుని "కొన్నేళ్ళు వ్యవసాయం" అని దాటేస్తావా? రమ్మని పిలిచినవాడే పొలం వదిలేసి ఉద్యోగానికి పోతుంటే ఆ నమ్మి వచ్చినవాళ్ళు వీధిలో ఏమనుకుని ఉంటారో ఒక్క క్షణం ఆగి చూడాల్సింది.

ఇది నా పిచ్చి అనుకో, ఏమైనా అనుకో. పరాయి దేశంలో ఇల్లు కట్టుకున్నవాడి కథ రాస్తే నాకు ముందు మూడు పూటలా ఏం తిన్నారో, భూమి ఎవరి డబ్బుతో వచ్చిందో, చాకిరీ ఎవరు చేశారో తెలియాలి. ఆశయాలు తర్వాత.

మా బాబాయి ఇక్కడి అరెకరం అమ్ముకుని కర్ణాటకలో సింధనూరు దగ్గర వలస రైతుల క్యాంపుకి వెళ్ళాడు. తుంగభద్ర కాలవ కింద భూమి చవగ్గా వస్తుందని మనవాళ్ళు బోలెడు మంది వెళ్ళిన రోజులవి. ఆయన పద్దుల పుస్తకం నా దగ్గరుంది. విత్తనాలకి అప్పు, ఎడ్లకి అప్పు, ఒకచోట "గాజులు" అని రాసి పక్కన అంకె. పిన్ని చేతివి. నేను రైసుమిల్లులో గుమాస్తాగా ఉన్నప్పుడు రాత్రిళ్ళు కూర్చుని ఆయన గురించి పెద్ద వ్యాసం రాశాను. ఒక వారపత్రిక ఎడిటరు గారు పద్దులన్నీ కొట్టేసి, "ఈ బాకీలు ఎవడు చదువుతాడండీ, ఆయన పెద్ద రైతయ్యాక మొదలెట్టండి" అన్నారు. నేను తెచ్చేసుకున్నాను. ఆ ఎడిటరు ఇప్పుడు లేరు, నాకు కోపం మాత్రం పోలేదు.

సరే, నీ దగ్గరికి వద్దాం. వైర్ రోప్, అదే ఇనపతీగల మోకు, అధ్యాయంలో ఆయన "కనిపెట్టాడు" అని ఊరుకున్నావు. పెన్సిల్వేనియాలో అలెగెనీ కొండల మీదుగా కాలవ పడవల్ని బండ్లకెక్కించి పైకి లాగేవారు. ఇటు అయిదు, అటు అయిదు ఏటవాలు దారులు, ఒక్కో దారికీ ఆవిరి ఇంజను. లాగేది నార మోకులు. లావుగా ఉంటాయి, బోలెడు ఖరీదు, తొందరగా అరిగిపోతాయి. తెగాయంటే బండి కిందకి జారినట్టే. జర్మనీలో హార్జ్ గనుల్లో ఆల్బర్ట్ అనే ఆయన 1834లోనే ఇనపతీగలు పేని మోకు చేశాడు. రోబ్లింగ్ 1841లో శాక్సన్‌బర్గ్‌లో తన ఇంటి వెనక మైదానంలో తీగలు బారుగా పరిచి, ఇరుగుపొరుగు రైతుల్ని పిలిచి పేనించాడు. ఇక్కడ చూడు, నీ కథ ఇక్కడుంది! పంటలు పండక చేతులు కట్టుకుని కూర్చున్న ఆ ఊరివాళ్ళకి ఇన్నాళ్ళకి కూలి దొరికింది. వాళ్ళకి భోజనాలు రోబ్లింగ్ ఇంట్లోనే. వండింది జోహన్నా. ఆ ఊరి దర్జీ కూతురు, 1836లో ఈయన్ని చేసుకుంది. నీ పుస్తకంలో ఆమె పెళ్ళిరోజున కనిపించి, మళ్ళీ చావురోజున కనిపిస్తుంది.

ఇంకోటి. కొడుకు వాషింగ్టన్ తన తండ్రి గురించి రాసిపెట్టాడు. అది 2009లో గానీ పుస్తకంగా రాలేదు. భార్యతో, పిల్లలతో ఆయన ఎంత క్రూరంగా ఉండేవాడో కొడుకు దాచకుండా రాశాడు. నువ్వు "క్రమశిక్షణ గల తండ్రి" అన్నావు. మన తెలుగు రచయితలకి ఈ మాట బాగా అలవాటు, కొట్టే తండ్రులందరికీ ఇదే తొడుగుతాం. తీసెయ్. పాఠకుడికి ఆయన మీద గౌరవం పోతుందేమోనని టెన్షన్ పడకు. 1848లో డెలవేర్ నది మీద ఆయన కట్టిన అక్విడక్ట్, అంటే కాలవని నది దాటించే వంతెన, ఇప్పటికీ నిలబడే ఉంది, దాన్ని నీ గౌరవం మోయక్కర్లేదు.

నయాగరా, సిన్సినాటి వంతెనల పేజీలు బాగానే ఉన్నాయి, కాస్త కుదించు. 1849లో మోకుల ఫ్యాక్టరీ న్యూజెర్సీలోని ట్రెంటన్‌కి ఎందుకు తరలించాడో మాత్రం వివరంగా రాయి. శాక్సన్‌బర్గ్‌కి రైలూ లేదు, కాలవా లేదు. తాను వేసిన ఊరిని సరుకు పోయే దారి లేదని వదిలేసుకున్న మనిషి ఆయన. ఆ తీగలు పేనిన పొరుగువాళ్ళలో ఎవరు వెంట వెళ్ళారు, ఎవరు అక్కడే మిగిలారు, వెతుకు.

ఏ పబ్లిషరు మంచిదని అడిగావు, ముందుమాట రాయమని కూడా అడిగావు. ఆ 1831 నుంచి 1837 దాకా రాసి పంపు, అప్పుడు మాట్లాడదాం. వాట్సాప్‌లో పంపకు, నా కళ్ళు ఆ ఫోన్ని తట్టుకోలేవు. ప్రింటు తీసి, లైన్ల మధ్య చోటు వదిలి, పోస్టులో పంపు. మీ నాన్నని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో.