తల్లొచ్చి పట్టుకుపోతే?

ప్రశ్న: మాది గాజువాక. నాకు 44 ఏళ్లు, మావారికి 48. ఆయన స్టీల్ ప్లాంటులో పనిచేస్తారు. మా అమ్మాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాక ఇల్లు బోసిపోయింది. ఏడెనిమిదేళ్ల పాపను ఫోస్టర్ కేర్ కింద తెచ్చుకోవాలని నాకుంది. మా అత్తగారేమో "ఎవరి పిల్లో ఏటో, పెంచినాక తల్లొచ్చి పట్టుకుపోద్ది" అంటున్నారు. సొంతిల్లు లేనివాళ్లకు ఇవ్వరని, ఇచ్చినా డబ్బు కోసమే తెచ్చుకున్నామని నలుగురూ అంటారని మా ఆడపడుచు భయపెడుతోంది. ఇదీ ఒకరకం దత్తతేనని, కొన్నాళ్లకు మన పిల్లే అయిపోతుందని నేననుకుంటున్నాను. ఎవరి మాట నిజం?
— పేరు వేయవద్దన్న సోదరి

జవాబు: అమ్మా, మీ ముగ్గురిలో నిజానికి దగ్గరగా ఉన్నది మీ అత్తగారే. ఆవిడ దాన్ని భయంగా చెప్పారు, అంతే.

దత్తత తీసుకుంటే చట్టం దృష్టిలో ఆ పిల్లకు ఇక మీరే తల్లిదండ్రులు. ఫోస్టర్ కేర్‌లో పిల్ల, ఇలాంటి పిల్లల బాగోగులు తేల్చే బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు మీద కొంతకాలం మీ ఇంట్లో ఉంటుంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 44వ సెక్షన్ చెప్పేది ఇదే. కన్నవాళ్లు ఎక్కడో ఉండవచ్చు, జబ్బుతోనో, తాగుడుతోనో, జైల్లోనో. కమిటీ కాదనకపోతే వాళ్లొచ్చి పిల్లను చూసిపోవచ్చు. ఇల్లు చక్కబడిందని కమిటీకి నమ్మకం కుదిరితే పిల్ల వాళ్ల దగ్గరికి వెళ్తుంది. అసలు ఉద్దేశమే అది.

కొందరి కోసం ఎవరూ రారు. అలాంటి పిల్లకు దత్తతకు చట్టపరమైన అడ్డు లేకపోతే, రెండేళ్లు పెంచిన కుటుంబమే దత్తతకు దరఖాస్తు చేసుకోవచ్చని కేంద్రం ఇచ్చిన 2024 ఫోస్టర్ కేర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంతకుముందు అయిదేళ్లు ఆగాల్సి వచ్చేది. కానీ ఈ లెక్క మనసులో పెట్టుకుని మాత్రం పిల్లను తెచ్చుకోకండి. ఆ తల్లి ఎప్పటికీ కోలుకోకపోతే బాగుండునని మీకు తెలియకుండానే కోరుకోవడం మొదలుపెడతారు.

ఉద్యోగంలో ఉండగా హోమ్ స్టడీ కోసం, అంటే పిల్లను ఇచ్చే ముందు ఆ కుటుంబాన్ని ఇంటికెళ్లి చూడటానికి, ఈ జిల్లాలో చాలా ఇళ్లు తిరిగాను. పిల్ల వచ్చాక కూడా వెళ్లేదాన్ని. గోపాలపట్నంలో ఒకావిడ పాపను ఎంతో బాగా చూసుకునేది. ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న కన్నతల్లి అప్పుడప్పుడు నర్సీపట్నం నుంచి బస్సులో వచ్చి, పాపకు ప్లాస్టిక్ గాజులు, జీడీలు ఇచ్చి వెళ్లేది. ఆ రాత్రి పాప పక్క తడిపేది, మర్నాడు బడికి వెళ్లనని మొండికేసేది. "ఆవిడ రాకపోతేనే దీనికి మంచిదండీ" అని ఈవిడ నా ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది. కాదని చెప్పాను. పిల్ల ఏడుస్తోందంటే తల్లి మీద బెంగ, అంతే. ఆ గాజులు పారేయకండి, తల్లి ఏం అడిగిందని కూపీ లాగకండి, ఆ పూటకు బడి మానేసినా కొంపలేం మునగవు. మిమ్మల్ని అమ్మా అనమని బలవంతమూ వద్దు. ఆ పాప ఈవిడను పిన్నీ అనే పిలిచేది.

బాలల హోమ్‌లో పెరిగిన పిల్ల మొదట్లో మరీ బుద్ధిగా ఉంటుంది. గంట కొట్టనిదే అన్నానికి రాదు, రెండోసారి కూర అడగదు. చూసి మురిసిపోకండి. అల్లరి మొదలైన రోజున, కుదురుకుంటోందని అనుకోండి.

మీ ఆడపడుచు మాటల్లో పస లేదు. కుటుంబాన్ని ఎంచుకునేటప్పుడు చట్టం చూడమన్నది సామర్థ్యం, ఉద్దేశం, స్తోమత, పిల్లల్ని పెంచిన అనుభవం. సొంతిల్లు అన్న మాట అందులో లేదు. డబ్బంటారా? మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయలు. ఎదిగే పిల్ల తిండి, బట్టలు, పుస్తకాలు, మందులు పోగా అందులో మిగిలేదేమిటో లోకులే లెక్క చెప్పాలి! వయసు గురించి బెంగ వద్దు. దంపతులిద్దరి వయసూ కలిపి కనీసం 70 ఉండాలన్నారు, మీది దాటింది. మధురవాడ నుంచి ఇలాగే అడిగిన అవివాహిత టీచరు గారికీ ఇక్కడే చెబుతున్నాను: 2024 నుంచి ఒంటరివారూ అర్హులే, కనీసం 35 ఏళ్లుండాలి. ఒంటరి మగవారికి మాత్రం మగపిల్లల్నే ఇస్తారు.

పాప వచ్చాక ఫొటోలు ఫేస్‌బుక్‌లోనూ, కాలనీ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకండి. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 74వ సెక్షన్ నిషేధించింది. ఆరు నెలల జైలు దాకా పడవచ్చు. మురిపెం కొద్దీ పెట్టామంటే ఊరుకోరు.

జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కు వెళ్లండి, లేదంటే దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోండి. ఇంటికి వచ్చినవాళ్ల కోసం సోఫా కవర్లు మార్చనక్కర్లేదు. ఒక ఇంట్లో ముసలావిడ ఏమంటుందోనని ఆ పూటకు గుడికి పంపేశారు. నాకు కావలసింది ఆవిడే! మీ అత్తగారిని ఇంట్లోనే ఉండనివ్వండి, అన్నదంతా అననివ్వండి.

ఒక్క సంగతి. ఉత్తరంలో అత్తగారి మాట ఉంది, ఆడపడుచు మాట ఉంది. మీ ఆయన ఉద్యోగమూ వయసూ తప్ప ఆయన ఏమన్నారో లేదు. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుంటేనే దరఖాస్తు. ముందు ఆయనను అడిగారా?