కాలేజీలో వేణు బృందం: మీ ప్రశ్నలు, మా జవాబులు

గురువు రోజూ పక్కన ఉండకుండా విద్యార్థులే నడుపుకొనే వేణు బృందాల గురించి విజయవాడ, గుంటూరు కాలేజీల నుంచి ఈమధ్య చాలా ప్రశ్నలు వచ్చాయి. ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చాం. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: మా ఇంజినీరింగ్ కాలేజీలో 12 మంది వేణువు వాయిస్తాం. ఏడుగురిది కర్ణాటక పద్ధతి, నలుగురిది హిందుస్థానీ బాన్సురీ, ఒకరు వీడియోలు చూసి నేర్చుకున్నారు. అందరి దగ్గరా 'జి' వేణువే, అంటే 5 శ్రుతి. విడివిడిగా బాగానే ఉంటుంది. కలిస్తే గోల. తప్పు ఎక్కడ? – బీటెక్ మూడో ఏడాది విద్యార్థి, విజయవాడ

జవాబు: వేణువు మీద రాసిన అక్షరాన్ని నమ్మకండి. వెదురు ఒక్కో గొట్టానికి ఒక్కో మందం, ఒక్కో లోపలి వెడల్పు. ఒకే చేతిలో తయారైన రెండు వేణువులు కూడా అచ్చంగా ఒకేలా పలకవు. ముందుగా 12 వేణువులకూ పరీక్ష పెట్టండి. ఒక్కొక్కరూ 5 నిమిషాలు వాయించి గొట్టం వెచ్చబడ్డాక, ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి, షడ్జమం (స), పంచమం (ప), తారషడ్జమం (పై స) మూడూ మామూలు బలంతో ఊదాలి. వాయించేవారు తెర చూడకూడదు. చూస్తే పెదవితో సర్దేస్తారు, అసలు తేడా దాగిపోతుంది. ఎన్ని సెంట్లు ఎక్కువో తక్కువో ఇంకొకరు రాసుకోవాలి. ఒక స్వరస్థానం నుంచి పక్క స్వరస్థానానికి ఉన్న దూరాన్ని 100 పాళ్లు చేస్తే అందులో ఒక పాలు సెంటు.

10 సెంట్ల తేడా వినడానికి చిన్నదే. కానీ 784 హెర్ట్జ్ దగ్గర పలికే జి స్వరాన్ని ఇద్దరు ఆ తేడాతో ఊదితే ధ్వని సెకనుకు నాలుగైదు సార్లు ఊగుతుంది. మీరు గోల అంటున్నది ఎక్కువగా ఇదే. 10 సెంట్ల లోపు తేడాను పెదవితో సర్దుకోవచ్చు. వేణువును లోపలికి తిప్పి ఊదే రంధ్రాన్ని కాస్త ఎక్కువ కప్పితే శ్రుతి దిగుతుంది, బయటికి తిప్పితే ఎక్కుతుంది. 25 సెంట్లు దాటిన వేణువును బృందంలోంచి తప్పించండి. దానితో కచేరీ అంతా పెదవి యుద్ధమే. ఒక్క స్వరమే ఎక్కువగా పలుకుతుంటే, ఆ రంధ్రంలో ఊదే వైపు అంచున చిన్న టేపు ముక్క అంటిస్తే దిగుతుంది. మూసిన చివర బెండు ఉంటే దాన్ని మాత్రం జరపొద్దు. షడ్జమం సరిపోయినట్టే ఉంటుంది కానీ తారస్థాయి చెడిపోతుంది.

రెండో కారణం బలం. గట్టిగా ఊదితే శ్రుతి ఎక్కుతుంది, మెల్లగా ఊదితే దిగుతుంది. పక్కవాడి వేణువు వినబడాలని ప్రతి ఒక్కరూ కాస్త పెంచుతారు, మూడో ఆవర్తానికి (తాళం మూడో చుట్టుకు) బృందం మొత్తం శ్రుతిపెట్టె కన్నా పైకి పోయి ఉంటుంది. అందుకే తంబూరా శబ్దం ఫోన్‌లోంచి కాదు, స్పీకర్‌లోంచి, అందరికీ వినబడేటంత రావాలి.

మూడోది మన ఊరి వేడి. గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరుగుతుంది, వేణువు శ్రుతి ఎక్కుతుంది. 24 డిగ్రీల ఏసీ హాల్లో సాధన చేసి 34 డిగ్రీల మైదానంలో వాయిస్తే లెక్క ప్రకారం దాదాపు 30 సెంట్లు పైకి పోతుంది. మన ఊపిరి వెచ్చదనం గొట్టంలో ముందే ఉంటుంది కాబట్టి నిజంగా వచ్చే తేడా అంతకన్నా తక్కువే, అయినా చెవికి తెలుస్తుంది. వెదురు వేణువును సాగదీయలేం, కాబట్టి శ్రుతిపెట్టెనే వేణువుల వైపు జరపాలి. పక్కన వయొలిన్ ఉంటే ఇంకో చిక్కు: వేడికి తీగలు సడలి దాని శ్రుతి దిగుతుంది, మీది ఎక్కుతుంది. వేదిక మీద 10 నిమిషాలు కూర్చున్నాకే వయొలిన్ శ్రుతి చేయించండి.

బాన్సురీల్లో 'జి' అని రాసిన పొడవాటివి మీ 5 శ్రుతి వేణువు కన్నా ఒక స్థాయి కింద పలకొచ్చు. అది లోపం కాదు. బృందానికి అడుగు భాగం దొరికినట్టే. ఆ నలుగురికీ దీర్ఘ స్వరాలు, నిదానంగా జారే మీండ్‌లు ఇవ్వండి. కర్ణాటక కంపితం, అంటే స్వరాన్ని ఊపడం, వాళ్ల చేత బలవంతంగా చేయించొద్దు.

ప్రశ్న: మా బృందంలో ఇద్దరమే ఉన్నాం. మూడోవారు వచ్చేదాకా ఆగాలా? – డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఒకే వరుసను ఇద్దరు కలిసి వాయించడమే అన్నింటికన్నా కష్టం. ఇద్దరి మధ్య ఊగుడు స్పష్టంగా వినిపిస్తుంది. ముగ్గురు నలుగురైతే చిన్న తేడాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆగనక్కర లేదు, పంచుకోండి. ఒకరు రాగం, ఒకరు షడ్జ పంచమాల ఆధారం, తర్వాతి ఆవర్తంలో తారుమారు.

ప్రశ్న: 10 మందిమి పల్లవి ఎత్తుకుంటే ప్రతి ఆవర్తం చివరా సడన్‌గా నిశ్శబ్దం వస్తోంది. తాళం కూడా ఎవరి కాలు వాళ్లదే. – బృందం నాయకురాలు, విజయవాడ

జవాబు: అందరూ ఆవర్తం చివరే ఊపిరి తీసుకుంటున్నారు. ఎవరికైనా అక్కడే సుఖంగా ఉంటుంది మరి. ముగ్గురు ముగ్గురుగా విడిపోయి కాగితం మీద గుర్తులు పెట్టుకోండి. 8 అక్షరాల (లెక్కల) ఆది తాళంలో ఒకటో జట్టు మూడో అక్షరం తర్వాత, రెండో జట్టు ఐదో అక్షరం తర్వాత, మూడో జట్టు ఏడో అక్షరం తర్వాత. పదో మనిషి ఏదో ఒక జట్టులో కలిసిపోతారు. పక్కపక్కన కూర్చున్నవారు ఒకే జట్టులో ఉండకూడదు. దీర్ఘ స్వరం మధ్యలో ఆపండి, స్వరం చివర కాదు. తిరిగి చేరేటప్పుడు 'తు' అని నాలుకతో కొట్టకుండా మెల్లగా ఊదుతూ కలవాలి. తుత్తుకారంతో చేరితే ఆ చేరిక అందరికీ తెలిసిపోతుంది. నిమిషానికి 60 అక్షరాల నడకలో ఒక ఆవర్తానికి 8 సెకన్లు పడుతుంది. కొత్తవాళ్లు ఒక్క ఊపిరిలో అంత లాగలేరు, లాగమని అనకండి కూడా. బలవంతంగా లాగితే తల తిరుగుతుంది. అలా అనిపిస్తే వేణువు కింద పెట్టి, మామూలుగా ఊపిరి పీల్చుకుంటూ కొన్ని నిమిషాలు కూర్చోవాలి.

తాళం సంగతి: వేణువు వాయించేవారికి రెండు చేతులూ ఖాళీ ఉండవు, కాళ్లతో పదిమంది పది తాళాలు వేస్తారు. కాళ్లు ఆపేయండి. ఒక్కరు వేణువు పక్కన పెట్టి చేతాళాలతో కూర్చోవాలి. మృదంగం దొరికితే ఇంకా మేలు. విజయవాడలో ఘంటసాల వేంకటేశ్వరరావు పేరిట ఉన్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో మృదంగం నేర్చుకునే విద్యార్థులను అడిగి చూడండి, కచేరీ అనుభవం వాళ్లకూ కావాలి. ఎత్తుగడకు నాయకుడు తల ఊపడం చాలదు. ముందు అక్షరం మీద అందరికీ కనబడేలా ఊపిరి పీల్చాలి. ఆ పీల్చడమే సంకేతం.

ప్రశ్న: ఏమి వాయించాలి? మా వాళ్లకు పెద్ద కీర్తనలే కావాలి. అందరం ఒకటే వాయించాలా, భాగాలు పంచుకోవాలా? – ఎంబీఏ విద్యార్థి, గుంటూరు

జవాబు: పెద్ద కీర్తనలకు తొందరపడొద్దు. తోడి రాగంలో గాంధారాన్ని (గ స్వరాన్ని) పదిమంది ఒకే తీరుగా ఊపలేరు. బృందం కొత్తగా ఉన్నన్నాళ్లూ మోహన, హంసధ్వని లాంటి ఐదు స్వరాల రాగాలు మంచివి. తొలి పాఠాల్లో వచ్చే గీతాలు, స్వరజతులు మొదటి రెండు నెలలకు చాలు. వాటిని చిన్నచూపు చూసేవారికి మూడు కాలాల్లో (మూడు వేగాల్లో) తప్పులేకుండా వాయించి చూపమనండి. ముత్తుస్వామి దీక్షితర్ నొట్టుస్వరాలు బృందాలకు చక్కగా సరిపోతాయి. శంకరాభరణ స్వరాల్లో, పాశ్చాత్య బాణీల మీద కట్టినవి, గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) దాదాపు ఉండదు, రెండో భాగం చేర్చుకోవడమూ తేలిక.

గమకం ఉన్న చోట నాయకుడి గమకాన్నే అందరూ వాయించాలి. 'ఎవరి పాఠం వాళ్లది' అనడం ఒంటరి కచేరీలో అందం, బృందంలో కాదు. స్వరలిపి కాగితం మీద కంపితాన్ని గీతతో, జారును వాలు గీతతో గుర్తు పెట్టండి. నోటితో పాడించి, అందరి నోటా ఒకేలా వచ్చాకే వేణువు ఎత్తాలి.

భాగాల విషయానికొస్తే 12 మందిలో ఆరుగురు ప్రధాన వరుస, ముగ్గురు కింది స్థాయి, ఇద్దరు ఆధార స్వరాలు, ఒకరు తాళం. కింది స్థాయికి పొడవాటి 5 శ్రుతి వేణువు దొరక్కపోతే 1 శ్రుతి వేణువు తీసుకోండి. దాని పంచమం మీ షడ్జమం అవుతుంది, దాని షడ్జమం మీకు మంద్ర (కింది స్థాయి) మధ్యమం. వేళ్లు మార్చి ఆలోచించాలి కాబట్టి అది అనుభవమున్నవారికే ఇవ్వాలి. పై స్థాయి చిన్న వేణువు ఒక్కటి చాలు. రెండైతే అవే వినిపిస్తాయి. మన సంగీతంలో బృందవాద్యం కొత్తదేం కాదు. ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందాన్ని రవిశంకర్ నడిపారు, మన వైణికులు ఈమని శంకరశాస్త్రి కూడా నడిపారు.

ప్రశ్న: ఫెస్ట్‌లో మా వేణువులు వినపడలేదు. సౌండ్ వాళ్లు 8 మైకులు పెట్టినా 'ఫూ' అనే గాలి శబ్దమే వచ్చింది. – బీకాం విద్యార్థి, విజయవాడ

జవాబు: 8 మైకులు ఎక్కువైపోయాయి. అర్ధవృత్తంగా కూర్చుని ముందు మూడు మైకులు, మూడు నాలుగడుగుల దూరంలో చాలు. నాయకుడికి విడిగా ఒకటి పెడితే అది నుదుటి ఎత్తున ఉండి కిందికి చూడాలి. ఊదిన గాలి రంధ్రం మీదుగా ముందుకు, కిందికి పోతుంది. మైకు ఆ దారిలో ఉండకూడదు. వాయించేవారి ముందున్న మానిటర్ స్పీకర్‌లో తంబూరా, తాళం మాత్రమే వేయించండి. వేణువులు కూడా వేస్తే కూత మొదలవుతుంది.

ఇక ఎవరూ అనుమానించని దొంగ ఫ్యాను. పక్కనుంచి పెడస్టల్ ఫ్యాను కొడితే పెదవి నుంచి రంధ్రం అంచుకు వెళ్లే సన్నటి గాలిపాయ చెదిరిపోతుంది, స్వరం పలకదు. తుమ్మలపల్లి కళాక్షేత్రమైనా గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరమైనా మీ కాలేజీ ఆరుబయట వేదికైనా ముందు ఫ్యాన్లు, ఏసీ గాలి ఎటు వస్తున్నాయో చూడండి. అందరూ వేణువు కుడివైపుకే పట్టుకుంటే మనిషికీ మనిషికీ మూడడుగులు, కాస్త ఏటవాలుగా. ఎడమవైపు పట్టేవారు ఉంటే వరుస చివర కూర్చోబెట్టండి.

ప్రశ్న: ఏటా ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోగానే బృందం ఆగిపోతోంది. హాస్టల్ అమ్మాయిలకు సాయంత్రం రిహార్సల్ కుదరదు. – కల్చరల్ కమిటీ అధ్యాపకురాలు, గుంటూరు

జవాబు: నాయకత్వం ఫైనలియర్‌కు ఇవ్వొద్దు. ప్లేస్‌మెంట్లు మొదలయ్యాక వాళ్లు మనసు పెట్టలేరు. మూడో ఏడాది వారు నాయకులు, రెండో ఏడాది వారు ఉపనాయకులు, ఫైనలియర్ వారు సలహాకు. ఉపనాయకుడే మర్నాటి ఏడాది నాయకుడు, ఎన్నిక అక్కర్లేదు. శ్రుతిపెట్టె, వేణువుల జాబితా, స్వరలిపి ఫైలు, ఎవరు ఏ భాగమో రాసిన పట్టిక: ఈ నాలుగూ ఒక వ్యక్తి ఫోన్‌లో ఉంటే ఆ వ్యక్తితోనే పోతాయి. కమిటీ బీరువాలో ఒక కాగితం ప్రతి ఉంచండి.

రిహార్సల్ వారానికి రెండుసార్లు, 75 నిమిషాలు, మధ్యాహ్న విరామం చివరా దాని తర్వాతి గంటా కలిపి అడిగి చూడండి. సాయంత్రం పెడితే హాస్టల్ వారూ, ఊళ్లనుంచి బస్సుల్లో వచ్చేవారూ ముందు మానేస్తారు. 5 నిమిషాలు వెచ్చబెట్టడం, 10 నిమిషాలు శ్రుతితో దీర్ఘ స్వరాలు, 15 జంట, దాటు వరుసలకు (స్వర సాధన పాఠాలకు), 30 కృతిలో కష్టమైన రెండు చోట్లకు, మిగిలినవి మొత్తం ఒకసారి వాయించడానికి. మిడ్ పరీక్షల వారం సాధన రద్దని ముందే ప్రకటించండి. లేకపోతే నలుగురు వచ్చి ఆరుగురు రాక, రాని వాళ్ల మీద అలక.

ప్రశ్న: ఎండాకాలం సెలవుల తర్వాత మూడు వేణువులు పగిలాయి. – గుంటూరు

జవాబు: ఏసీ గదిలో ఆరడం, తర్వాత ఎండలో బండి డిక్కీలో కాలడం. నెలకోసారి సన్నటి గుడ్డను పుల్లకు చుట్టి లోపల పలచగా ఆవనూనె రాయండి, రంధ్రాల అంచులకు అంటకుండా. వాయించాక తడి తుడవాలి. సన్నటి నెర్రెకు ఫెవిక్విక్ ఒక చుక్క వేసి, ఆరాక గట్టి నూలుదారం బిగించి చుట్టండి. ఊదే రంధ్రం గుండా పోయిన నెర్రెకు మందు లేదు. ఒకరి వేణువు ఇంకొకరు ఊదకుండా దారం రంగుతో గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న: సినిమా పాట వాయిస్తే కాపీరైట్ సమస్యా? – విజయవాడ

జవాబు: కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షన్ ప్రకారం, విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా విద్యార్థులు, సిబ్బంది వాయిస్తే, ప్రేక్షకులు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంరక్షకులే అయితే అది ఉల్లంఘన కాదు. టికెట్ పెట్టి బయటివారిని పిలిచే ఫెస్ట్‌కు ఈ మినహాయింపు వర్తించదు, లైసెన్సు తీసుకోవాలి. అది కాలేజీ పేరున తీసుకోవలసింది కాబట్టి పోస్టర్లు వేసేముందే ప్రిన్సిపల్ గారి ఆఫీసులో అడగండి.