కేట్ డికామిలో పుస్తకాల్లో ఏది ముందు ఇవ్వాలి? మా ఇంట్లో జరిగింది చెప్తాను

మీ పాపకి ఏడేళ్లు. బొమ్మల పుస్తకాలు దాటి నవలల్లోకి రావట్లేదని, ఎవరో అమెరికన్ పిల్లల రచయిత్రి కేట్ డికామిలో పేరు చెప్తే, ఎడ్వర్డ్ అనే బొమ్మ కుందేలు తప్పిపోయే కథ 'ది మిరాక్యులస్ జర్నీ ఆఫ్ ఎడ్వర్డ్ టులేన్' తెచ్చారు. పాప మధ్యలో ఏడ్చేసి పుస్తకం మూసేసింది. ఇక ఆవిడ పుస్తకాలు ఆపేయాలా అని కదా అడిగారు. ఆపొద్దండి. పుస్తకం మంచిదే, వరసే తప్పింది. మేమూ ఆ తప్పు చేశాం, మీకంటే ఘనంగా.

మేం టెక్సాస్‌లో ఉంటాం. మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా స్కూల్లో రీడింగ్ లెవెల్ పరీక్ష పెట్టి, నాలుగో తరగతి పిల్లల స్థాయిలో చదువుతోందని కాగితం పంపారు. మన సంగతి తెలుసుగా, ఆ కాగితం చూసి నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. 2004లో న్యూబరీ మెడల్ (అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే పెద్ద బహుమతి) వచ్చిన ఆవిడ నవల 'ది టేల్ ఆఫ్ డెస్పెరో' తెచ్చి చేతిలో పెట్టేశాను. పెద్ద చెవుల బుల్లి ఎలుక, రాకుమారి, సూపు... ముద్దుగా ఉంటుందిలే అనుకున్నాను. మొదట్లో బాగానే సాగింది. తర్వాత మిగ్గరీ సౌ అనే పిల్ల కథ వస్తుంది. తల్లి చచ్చిపోయాక తండ్రి ఆ పిల్లని ఒక ఎర్ర టేబుల్ క్లాత్‌కీ, ఒక కోడికీ, గుప్పెడు సిగరెట్లకీ అమ్మేస్తాడు. కొనుక్కున్నవాడు చెవుల మీద కొట్టి కొట్టి ఆ పిల్లకి సరిగ్గా వినపడకుండా చేస్తాడు. మా అమ్మాయి ఇదంతా ఎక్కడా తడబడకుండా చదివేసింది. రాత్రి లైటు ఆర్పాక మాత్రం "నాన్నలు అలా అమ్మేస్తారా అమ్మా?" అని అడిగింది. ఆ పుస్తకం తర్వాత మూడేళ్లు అరలోంచి దిగలేదు. కాగితంలో రాసింది అబద్ధం కాదు, కానీ అందులో ఉన్నది మాటల లెక్క ఒక్కటే.

నా ఏడుపు విని మా లైబ్రరీలో పిల్లల విభాగం ఆవిడ నవ్వి, 'మెర్సీ వాట్సన్' పుస్తకాలు తీసిచ్చింది. అవీ డికామిలో రాసినవే. మీరూ అక్కడే మొదలుపెట్టండి. 2005 నుంచి 2009 దాకా మొత్తం ఆరు వచ్చాయి. ఒక్కోటి డెబ్బై, ఎనభై పేజీలు, చిన్న చిన్న అధ్యాయాలు, క్రిస్ వాన్ డ్యూసెన్ వేసిన రంగుల బొమ్మలు. అటు బొమ్మల పుస్తకమూ కాదు, ఇటు నవలా కాదు. అందుకే మీ పాపలాంటి వాళ్లకి సరిగ్గా సరిపోతాయి. మెర్సీ ఒక పంది. వాట్సన్ దంపతులు దాన్ని కన్నబిడ్డలా పెంచుకుంటారు, దానికి కావలసింది మాత్రం వెన్న రాసిన టోస్టు. మొదటి పుస్తకంలో చీకటికి భయపడి వాళ్ల మంచం ఎక్కుతుంది. ఆ బరువుకి నేల విరిగి మంచం కిందికి జారుతూ ఉంటుంది. మెర్సీ దూకి వెళ్లిపోతుంది. మనల్ని కాపాడటానికి ఫైరింజన్ కోసం వెళ్లిందని వాళ్లు మురిసిపోతుంటారు, అది తిండి వెతుక్కుంటూ పక్కింటికి పోతుంది.

అప్పుడే మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఆర్నెల్లు మా దగ్గర ఉంది. మనవరాలు చదివి, తనకొచ్చిన తెలుగులో అమ్మమ్మకి చెప్పేది. "పందిని పక్కలో పడుకోబెట్టుకోవడం ఏంటే, వీళ్లకేం పోయేకాలం!" అని అమ్మ తిట్టేది, మర్నాడు మళ్లీ తనే "ఇంతకీ ఆ పంది ఏమైంది?" అని అడిగేది. ఇడ్లీ మానేసి నెల రోజులు వెన్న టోస్టే కావాలని పేచీ పెట్టింది మా అమ్మాయి. ఆ నష్టానికి మీరు సిద్ధపడాలి.

ఆ ఆరూ అయ్యాక, అదే వీధిలోని మిగతావాళ్ల కథలు 'టేల్స్ ఫ్రమ్ డెకావూ డ్రైవ్' అని ఉన్నాయి. మాటలు కాస్త ఎక్కువ, బొమ్మలు తక్కువ. వాటితో పిల్లలకి తెలియకుండానే ఒక మెట్టు ఎక్కేస్తారు.

ఇంట్లో ఇంకా చిన్నపిల్లలు ఉంటే రెండు బొమ్మల పుస్తకాలు చెప్తాను. ఒకటి 2019లో వచ్చిన 'ఎ పిగ్లెట్ నేమ్డ్ మెర్సీ', ఆ పంది ఇంటికి ఎలా వచ్చిందో చెప్పే కథ. రెండోది 'లా లా లా' (2017). బొమ్మలు జేమీ కిమ్ వేశారు. ఇందులో కథ మొత్తానికి ఉన్న మాట ఒక్కటే, 'లా'. ఒక ఒంటరి పిల్ల పాడుతుంది, ఎవరూ బదులు పాడరు. ఆకుల దగ్గర, చెరువు దగ్గర పాడి చూస్తుంది, చివరికి చందమామ పలుకుతాడు. మా అమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు. అమెరికాలో మనవడికి తను చదివి వినిపించిన పుస్తకం ఇదొక్కటే. రోజుకో రాగంలో చదివేది.

ఇక అసలు నవలలు. ఎనిమిది, తొమ్మిదేళ్లకి 'బికాజ్ ఆఫ్ విన్-డిక్సీ' (2000) ఇవ్వండి. ఇందులో పదేళ్ల పిల్ల పూర్తి పేరు ఇండియా ఓపల్ బులోని. ఆ 'ఇండియా' చూసి మావాళ్లు తెగ సంబరపడ్డారు. సూపర్ మార్కెట్లో దొరికిన వీధికుక్కకి ఆ మార్కెట్ పేరే పెట్టి ఇంటికి తెచ్చుకుంటుంది. తల్లి చిన్నప్పుడే వదిలేసి వెళ్లిపోయింది కాబట్టి, అమ్మ గురించి పది సంగతులు చెప్పమని తండ్రిని అడుగుతుంది. డికామిలో కథల్లో ఎవరో ఒకరు ఇలా వెళ్లిపోవడానికి కారణం ఉంది. ఆవిడకి ఐదేళ్లప్పుడు న్యుమోనియా మాటిమాటికీ వస్తుంటే వెచ్చగా ఉండే ఫ్లోరిడాకి కాపురం మార్చారు, తండ్రి మాత్రం వాళ్లతో వచ్చి ఉండలేదు. ఈ నవలలో ఒక బిళ్ల ఉంటుంది, చప్పరిస్తే తీపితో పాటు దుఃఖం రుచి కూడా తెలుస్తుంది. ఉగాది పచ్చడి లాగా అన్నమాట అన్నారు మావారు. "కాదు నాన్నా, పచ్చడిలో చేదు విడిగా తెలుస్తుంది, ఇది తీపిలోనే కలిసిపోయి ఉంది" అంది మా అమ్మాయి. ఇంత చెప్పగలిగితే ఎడ్వర్డ్‌కి సిద్ధంగా ఉన్నట్టే అని నాకు అప్పుడే అనిపించింది.

మీ పాప ఏ అధ్యాయం దగ్గర ఆగిందో రాయలేదు. కుందేలుని అక్కున చేర్చుకునే చిన్నపిల్ల సారా రూత్ జబ్బు దగ్గరే అయి ఉంటుంది, పెద్దవాళ్లకే గొంతు పట్టేస్తుంది. ఈ నవలని పిల్లల చేతికిచ్చి మనం ఫోన్ చూసుకుంటూ కూర్చోకూడదండి. మేం రాత్రికో అధ్యాయం చొప్పున పైకి చదివాం. అధ్యాయాలు చిన్నవే, ఒక్కోటి పది నిమిషాల్లోపు అయిపోతుంది. సారా రూత్ పోయినప్పుడు నా గొంతే ముందు పోయింది, మిగతాది మావారు చదివారు. కుందేలు మళ్లీ తన మొదటి యజమాని అబిలీన్‌ని చేరుతుందా అని మా అమ్మాయి అడిగితే చేరుతుందని చెప్పేశాను. ముగింపు చెప్తే మజా పోతుందని మావారు గొడవ పెట్టుకున్నారు గానీ, ఏం పోలేదు. తెలిసాకే ధైర్యంగా విన్నది.

డికామిలోనే 2018లో టైమ్ పత్రికలో, పిల్లల పుస్తకాల్లో కాస్త విచారం ఎందుకు ఉండాలో ఒక వ్యాసం రాశారు. అందులో ఒక స్నేహితురాలి సంగతి ఉంటుంది. ఆమె చిన్నప్పుడు 'షార్లట్స్ వెబ్' (ఒక పంది, సాలీడు స్నేహం కథ) పూర్తి చేయగానే మళ్లీ మొదటి పేజీకి వెళ్లేదట. ముగింపు మారుతుందన్న ఆశతో కాదు, ఘోరం జరుగుతుందనీ, అయినా చివరికి ఫర్వాలేదనీ తెలిసే చదివేదట. మీ పాప ఇప్పుడు ఏడ్చినా, ఏడాది పోయాక తనే అడగొచ్చు. అప్పుడు పక్కన కూర్చుని చదవండి.

ఒక్క సలహా, ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. మా అమ్మాయి పదేళ్లకి తనంతట తానే డెస్పెరో దించుకుని రెండు రోజుల్లో పూర్తి చేసింది. వంటింట్లోకి వచ్చి, "అమ్మా, మిగ్గరీని అమ్మేసిన నాన్న చివర్లో మళ్లీ వస్తాడు తెలుసా? చెరలోంచి బయటికొచ్చి తనని రాకుమారిలా చూసుకుంటాడు. అప్పుడు నేను అడిగితే చెప్పలేదేంటి?" అంది.

నేనేం చెప్తాను, అప్పటికి నేను ఆ పుస్తకం చదివితే కదా.