ఎనిమోన్ విషయమై అమ్మణ్ణికి

కావలి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మణ్ణికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేను, మీ పెద్దమ్మ క్షేమం. నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. నీ ఉప్పునీటి తొట్టెలోని ఎనిమోన్, ఆ పువ్వులాంటి సముద్రజీవి, వారం రోజులుగా ముడుచుకుపోయి ఉందనీ, కొట్టువాడు తీసి పారేయమన్నా నీవు ఒప్పుకోక దాని జబ్బేమిటో నీవే కనిపెట్టి బతికించాలని పట్టు పట్టావనీ, రేపో ఎల్లుండో యాంటీబయాటిక్ మాత్రలు నలిపి తొట్టెలో కలపబోతున్నావనీ చెప్పాడు. నీ పట్టుదల సంగతి విన్నప్పుడు సంతోషంతో నాకు నోట మాట రాలేదు. మాత్రల సంగతి విన్నాక నిద్ర రాలేదు. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు కాబట్టి కాగితం మీద పెట్టి, ఫొటో తీసి నీకు పంపమని పక్కింటి కుర్రాడికి ఇస్తున్నాను. ఇది పూర్తిగా చదివేదాకా ఆ మాత్రల అట్ట విప్పవద్దు.

ముందుగా అది నిజంగా జబ్బు పడిందో లేదో తేల్చుకో. ఎనిమోనుకు ఎముకలు లేవు. నీటిని నింపుకొని నిలబడే ఒళ్లు దానిది. లోపలి పాత నీటినీ వ్యర్థాన్నీ వదిలేందుకు అప్పుడప్పుడు పిండిన గుడ్డలా కుంచించుకుపోయి, కొన్ని గంటల తరువాత మళ్లీ ఉబ్బుతుంది. నీవు ఆఫీసు నుంచి వచ్చి చూసే వేళకే ముడుచుకుంటోందా, పగలూ రాత్రీ అలాగే ఉందా అన్నది మీ ఇంట్లో ఎవరూ గమనించలేదని మీ నాన్న మాటలను బట్టి అర్థమైంది. ఒక రోజంతా, మూడు గంటలకొకసారి చూసి, వేళతో సహా పుస్తకంలో రాయి. రాత్రి చూసేటప్పుడు మసక వెలుతురు చాలు, మొహాన టార్చి కొట్టవద్దు.

చూడవలసినవి మూడు: నోరు, పాదం, జిగురు. ఆరోగ్యంగా ఉన్నదాని నోరు తాడు బిగించిన సంచి మూతిలా దగ్గరగా ఉంటుంది. నోరు వదులై, తెరుచుకొని, లోపలి పొర బయటికి తోసుకొస్తూ గంటల తరబడి అలాగే ఉంటే అది నిజమైన ప్రమాదం. పాదం రాతిని పట్టుకొని ఉందా, వదిలేసి నీటి వాలుకు దొర్లుతోందా చూడు. తిండి ముక్క తగిలినప్పుడు నోటి చుట్టూ వేళ్లలా ఉండే స్పర్శకాలు దానికి అతుక్కుంటే, వాటిలోని కుట్టే దంశకణాలు ఇంకా పనిచేస్తున్నట్టే, దానికి బలం ఉన్నట్టే. నీది బబుల్ టిప్ రకం కదా, కొసల్లోని బుడగలు పోయి స్పర్శకాలు పొడవుగా సాగాయని మాత్రం బెంగపడకు, నిక్షేపంగా ఉన్నవి కూడా అలా సాగుతాయి. తోలు ఊడి పీలికలుగా నీటిలో తేలుతూ, బయటికి తీస్తే కుళ్లిన వాసన వస్తే అది చనిపోయినట్టే. అప్పుడు జాలి పడి ఒక్క పూట కూడా ఉంచవద్దు, అది కరిగి వదిలే అమ్మోనియా రాత్రికి రాత్రి చేపలను తీసుకుపోతుంది.

అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పి.హెచ్., ఆల్కలినిటీ పరీక్షలు ఈ రోజే చేయి. మొదటి రెండూ సున్నా ఉండాలి. పాదం వదిలిన ఎనిమోన్ లోపలికి లాక్కుపోకుండా పంపు మోటారు నోటికి జాలీ కట్టు. సాలినిటీ, అంటే ఉప్పదనం, 35 పి.పి.టి. (వెయ్యికి 35 పాళ్లు), దాన్ని కొలిచే ముల్లు హైడ్రోమీటరు మీద అయితే సుమారు 1.026 ఉండాలి. ఆ ముల్లుకు చిన్న గాలి బుడగ పట్టుకున్నా రీడింగు ఎక్కువ చూపిస్తుందని గుర్తుంచుకో. ఈ విషయంలో నాలాగా రొయ్యల మనిషివి కావద్దు. రొయ్య పిల్లలను పుట్టించే మా హేచరీలో టైగరు రొయ్య పిల్లలకు 28 నుంచి 32 ఉంటే మాకు తృప్తి, గుంటలోకి వెళ్లిన రొయ్య 10కి దిగినా తట్టుకుంటుంది. ఎనిమోనుకు ఆ శక్తి లేదు. చుట్టూ ఉన్న నీరు ఎలా మారితే దాని ఒళ్లూ అలాగే మారుతుంది. రోహిణి కార్తెలో రోజూ నీరు ఆవిరవుతుంది గానీ ఉప్పు ఆవిరి కాదు. తగ్గిన మేరకు ఆర్.ఓ. మంచినీటినే పోయాలి, ఉప్పునీటిని కాదు.

ఇక నా తప్పు చెబుతాను. మీ నాన్నకు కూడా దీని మొత్తం కథ తెలియదు. 2008 వేసవిలో ఇదే ఇంటి వసారాలో, 300 లీటర్ల తొట్టెలో నాకొక కార్పెట్ ఎనిమోన్ ఉండేది. నీవు అప్పుడు మూడో తరగతి. సెలవులకు వచ్చినప్పుడు పీట వేసుకొని దాని ఎదుట కూర్చునేదానివి. పద్నాలుగు నెలలు కళకళలాడిన ఆ జీవం ఏప్రిల్ నెలలో ముడుచుకోవడం మొదలుపెట్టింది. అంతకు నెల ముందే, ఉప్పునీరు కలిపి నిలవ ఉంచే డ్రమ్ముకు ప్లాస్టిక్ కొళాయి కారుతోందని, పది కాలాల పాటు ఉంటుందని నేనే అడిగి మరీ ఇత్తడి కొళాయి పెట్టించాను. ఆ రెంటినీ కలిపి ఆలోచించడానికి నాకు రెండు నెలలు పట్టింది.

సాక్ష్యాలు నా కళ్ల ముందే రాలిపడ్డాయి, అమ్మణ్ణీ. మొదట గాజుకు అంటుకొని నాచు తినే నత్తలు ఒకటొకటిగా ఇసుకలోకి పడిపోయాయి. వయసు అయిపోయిందనుకున్నాను. తరువాత చారల క్లీనర్ రొయ్య కుబుసం విడుస్తూ సగంలోనే చచ్చిపోయింది. బతుకంతా రొయ్యల మధ్య గడిపిన నేను, కుబుసంలో రొయ్య పోతే ముందు నీటిని అనుమానించాలని పదిమంది కుర్రాళ్లకు నేర్పిన నేను, దాన్ని తీసి చెట్టు మొదట్లో పారేసి చేయి కడుక్కున్నాను. ఎందుకంటే ఎనిమోనులో కాపురముండే క్లౌన్ చేపల జంట ఎప్పటిలాగే ఎగబడి తింటోంది. చేపలు తింటున్నాయి కదా, నీళ్లు బాగానే ఉన్నాయి అనుకున్నాను. ఆ ఒక్క మాట నన్ను గుడ్డివాణ్ణి చేసింది.

వెలుతురు చాలలేదేమోనని ట్యూబులు మార్చాను. ఆకలేమోనని నోట్లో రొయ్య ముక్కలు కుక్కాను, అది మరునాటికి ఉమ్మేసింది. చివరికి నీటినే మార్చుదామని నెలకొకసారి చేసే మార్పిడిని వారానికొకసారి చేశాను. ప్రతి ఆదివారం డ్రమ్ము నుంచి 60 లీటర్లు పోసేవాణ్ణి, ప్రతి సోమవారం అది ఇంకొంచెం చిక్కిపోయేది. వైద్యం అనుకొని నేను పోసిందే విషం. తేదీలు రాసి ఉంటే మూడో వారానికే తెలిసిపోయేది, కానీ నేను ఒక్క అక్షరం రాయలేదు. ఆఖరుకు ఆశ చావక యాంటీబయాటిక్ తెచ్చి తొట్టెలోనే కలిపాను. మూడు రోజుల్లో అమ్మోనియా పెరిగి, జంటలో పెద్దదైన ఆడ చేప పోయింది. ఎనిమోన్ ఆ మరునాడే కరిగిపోయింది. మిగిలిన మగ చేప అది ఉన్న చోటే, ఖాళీ ఇసుక మీద, రాత్రుళ్లు పక్కకు ఒరిగి పడుకునేది.

కారణం కనిపెట్టింది మీ పెద్దమ్మ. తొట్టె కడుగుదామని డ్రమ్ము దగ్గరికి వచ్చి, కొళాయి మూతికి పట్టిన ఆకుపచ్చ చిలుమును వేలితో గీకి చూపించి, కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు పెడతామా, ఈ ఉప్పునీళ్లెలా పెట్టారు అంది. నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. ఉప్పునీటికి ఇత్తడిలోని రాగి కరుగుతుంది. చేపలు తట్టుకునే పాటి రాగిని కూడా నత్తలు, రొయ్యలు, ఎనిమోన్లు తట్టుకోలేవు. హేచరీలో సముద్రపు నీటిని క్లోరినుతో శుద్ధి చేశాక, అందులోని లోహాలను బంధించడానికి ఇ.డి.టి.ఎ. కలిపే పని ఏళ్ల తరబడి నా చేతుల మీదుగానే జరిగింది. ఆ జాగ్రత్త ఉద్యోగంలోనే వదిలి ఇంటికి వచ్చాను. రాళ్లూ ఇసుకా రాగిని పీల్చుకొని ఉంటాయని అన్నీ తీసి పారేశాను. పదహారు రూపాయలు ఎక్కువ పెట్టి కొన్న ఆ కొళాయిని మాత్రం ఇప్పటికీ బల్ల సొరుగులో ఉంచుకున్నాను.

అందుకే నిన్ను అడుగుతున్నాను: ఎనిమోనును చూసే ముందు దాని ఇరుగుపొరుగును చూశావా? నత్తలూ రొయ్యలూ కూడా నలతపడి చేపలు మాత్రం బాగుంటే రాగినీ, ఇతర లోహాలనూ అనుమానించు. గొట్టానికి తుప్పు పట్టిన బిగింపు క్లిప్పు ఉందా, పగిలిన అయస్కాంతం నీటిలో ఉందా, ఆ తొట్టెను పాతది కొన్నావా, కొని ఉంటే మునుపటివాడు చేపల తెల్లమచ్చల జబ్బుకు రాగి మందు వాడాడా అని కనుక్కో. చేపలు కూడా పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజనో అమ్మోనియానో చూడాలి. తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి లేచి చూడు, ఎందుకంటే ఆక్సిజన్ అన్నిటికన్నా తగ్గే వేళ అదే. ఆ వేళకు రొయ్యలన్నీ గట్టు వారకు చేరిన గుంటను చూసిన రైతు ముఖం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ ఏరేటరు ఒకటి కొని ఉంచుకో, అల్లుడుగారు ఖర్చు అన్నా సరే. మిగతా అందరూ హాయిగా ఉండి ఎనిమోన్ ఒక్కటే చిక్కుతుంటే అప్పుడు వెలుతురు, వేడి, నీటి వాలు, దెబ్బ తిన్న పాదం, కొరికే చేప, ఇవి చూడాలి. బలహీనంగా ఉన్నప్పుడు క్లౌన్ చేపల ఒరిపిడి కూడా దానికి భారమే. దాని మీద రంధ్రాల బుట్ట ఒకటి బోర్లించి కొన్నాళ్లు వాటిని దూరం పెట్టు.

రంగు సంగతి కూడా చెప్పాలి. నీవు పంపిన ఫొటోలో అది పాలలా తెల్లగా ఉంది, ముచ్చటగా ఉందని రాశావు. అది ముచ్చట కాదు తల్లీ, ఆకలి. దాని కండలో కాపురముండే గోధుమరంగు నాచు కణాలు వెలుతురుతో ఆహారం వండి దానికి పెడతాయి. వేడికో, ప్రయాణపు బడలికకో అవి వెళ్లిపోతే ఒళ్లు వెలిసిపోతుంది. తొట్టెలో 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. మే నెలలో ఒంగోలు ఇంట్లో ఏమీ చేయకపోతే 31కి పోతుంది. నీటి మీదికి ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, ఐసు గడ్డలు మాత్రం వేయవద్దు. వెలిసిపోయిందని ఒక్కసారిగా లైటు పెంచితే ఇంకా కమిలిపోతుంది కాబట్టి, తగ్గించి మొదలుపెట్టి వారాల మీద పెంచుకుంటూ పో. నోరు బిగిసి, జిగురు ఉంటేనే వారానికి రెండుసార్లు చిటికెన వేలి గోరంత పచ్చి రొయ్య ముక్క పెట్టు. నల్లబడకుండా మందులో ముంచిన రొయ్య కాక, కొత్తపట్నం పడవల దగ్గర ఆ పూట పట్టినదే తెప్పించు.

వెలుతురు కోసమని దాన్ని రోజుకొక చోటికి మార్చావట. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. రాతికి అతుక్కున్న పాదాన్ని లాగితే చిరుగుతుంది, ఆ చిరుగులోంచే కుళ్లు పడుతుంది. చోటు నచ్చకపోతే అదే నడిచి వెళుతుంది, దాన్ని నడవనివ్వు. హాల్లో దోమల మందు కొడుతున్నారా? ఏరేటరు ఆ గాలినే పీల్చి నీటిలోకి ఊదుతుంది. దోమతెర కట్టుకోండి.

మాత్రల విషయం. ప్రయాణంలో దెబ్బతిన్న కొత్త ఎనిమోన్లను విడి తొట్టెలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌తో బతికించుకున్నవారు ఉన్నారు, నేను కాదనను. కానీ పేరు తెలియని జబ్బుకు మందు పోయడం ఈ తీరంలో నేను కళ్లారా చూశాను. హేచరీలో రొయ్య పిల్లలు కాస్త మందకొడిగా ఉంటే చాలు, కారణం అడగకుండా ట్యాంకులో గుమ్మరించేవాళ్లు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే మందులు నిషేధమయ్యాయి, వాటి ఆనవాళ్లు దొరికి రొయ్యల సరుకు విదేశాల నుంచి వెనక్కి వచ్చింది, అయినా ఆ అలవాటు చేతిని వదలడానికి చాలా ఏళ్లు పట్టింది. అన్ని పరీక్షలూ అయ్యాక, నీటిలో లోపమేదీ లేదని తేలాక, నోరు ఇంకా తెరుచుకునే ఉంటే, అప్పుడు విడి తొట్టెలో, అదే వేడిమి, అదే ఉప్పదనం ఉన్న నీటిలో, నేను పక్కన ఉండగా చేద్దాం.

నీవు చిన్నప్పుడు హేచరీకి వచ్చి, బీకరులో రొయ్య పిల్లలను తీసి లైటుకు పట్టినప్పుడు, వెలుతురు వైపు ఈదేవాటిని వదిలి అడుగున పడి ఉన్న నాలుగింటినే చూపించి, ఇవి ఎందుకు రావడం లేదు పెదనాన్నా అని అడిగావు. నా దగ్గర పనిచేసినవాళ్లలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ. నీవు ఈ ఎనిమోనును పారేయనన్నావని విన్నప్పుడు నాకు ఆ బీకరే గుర్తుకు వచ్చింది.

ఆదివారం సాయంత్రం పినాకిని రైల్లో వస్తున్నాను. ఉప్పదనం కొలిచే నా రిఫ్రాక్టోమీటరు, దాన్ని సరిచూసే 35 పి.పి.టి. ద్రావణం, రాగి పరీక్ష కిట్టు, రెండు కిలోల యాక్టివేటెడ్ కార్బన్ తెస్తాను. అంతదాకా జాలీ కట్టడం, ఫ్యాను పెట్టడం, బుట్ట బోర్లించడం తప్ప ఇంకేమీ మార్చవద్దు; చూసింది చూసినట్టు రాస్తూ ఉండు. ఆదివారం సాయంత్రం నేను వచ్చేదాకా తొట్టె లైటు ఆర్పవద్దని అల్లుడుగారికి చెప్పు. కాళ్లు కడుక్కోగానే ముందు దాని నోరు చూడాలి.

ఇట్లు,
మీ పెదనాన్న