సవ్తా చెయ్యి పట్టి లాగితే సిగ్గుపడకు

చి. సుజాతకు పెద్దమ్మ దీవెనలు.

బిడ్డా, నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఇజ్రాయెల్‌లోని రామత్ గన్‌లో మంచి ఇంట్లో పెద్దావిడను చూసుకునే పని కుదిరినందుకు చాలా సంతోషం. నువ్వు మాటకు ముందు సవ్తా, మాటకు వెనక సవ్తా అంటుంటే మీ అమ్మకు అర్థం కాలేదట. అక్కడ అమ్మమ్మనీ నానమ్మనీ అలాగే పిలుస్తారని చెప్పాను.

ఇక నీ టెన్షన్ సంగతి. పెద్దవాళ్ల డే సెంటర్‌లో ‘మయీమ్ మయీమ్’ (అంటే నీళ్లు నీళ్లు) పాట పెట్టగానే సవ్తా నిన్ను వృత్తంలోకి లాగుతోందనీ, రాదని కుర్చీ వదలడం లేదనీ అన్నావు. వెళ్లు. పనికి వచ్చినదాన్ని, నాకెందుకు అనుకోకు. ఆ డ్యాన్స్ వేయడానికి ఆ ఊళ్లో పుట్టి ఉండాల్సిన అవసరం లేదు. దాన్ని కట్టినవాళ్లు కూడా అక్కడ పుట్టినవాళ్లు కారు.

ఇది వేల ఏళ్ల నాటిదని కొందరు నీతో అంటారు. పాటలో మాటలే అంత పాతవి. బైబిల్‌లోని యెషయా గ్రంథం పన్నెండో అధ్యాయంలో మూడో వచనం అది. రక్షణ ఊటల నుంచి ఆనందంగా నీళ్లు తోడుకుంటారని దాని భావం. డ్యాన్స్ మాత్రం 1937లో పుట్టింది. రెహోవోత్ అనే ఊరి దగ్గర నాన్ అనే కిబ్బుట్జ్, అంటే అందరూ కలిసి సాగుచేసుకుని బతికే పల్లె, ఉంది. 1930లో అక్కడ చేరినవాళ్లు ఏడేళ్లు నీళ్ల కోసం వెతికి, చివరికి బావి పడితే పండగ చేసుకున్నారు. ఆ పండగ కోసం ఎల్సె దుబ్లోన్ అనే ఆమె అడుగులు కూర్చింది. ఆమె జర్మనీ నుంచి వచ్చిన డ్యాన్సర్. ట్యూన్ కట్టిన ఇమాన్యుయేల్ అమిరాన్ పుట్టింది పోలండ్‌లోని వార్సాలో. ఎడారిలో నీళ్లు పడ్డప్పుడు వేసిన డ్యాన్స్ అని కూడా చెబుతుంటారు. నాన్ ఎడారిలో లేదమ్మా, చుట్టూ తోటలుండే నేల అది. తర్వాత ఆ కిబ్బుట్జ్ వాళ్లే స్ప్రింక్లర్లు, డ్రిప్ పైపులు తయారు చేసి అమ్మారు. ఆ కంపెనీ కొన్నేళ్లు మన దేశంలోని జైన్ ఇరిగేషన్ చేతిలో ఉండేది. మీ నాన్నకు చెప్పు, పసుపు చేనుకు డ్రిప్ వేయించాడు కదా, ఈ ముక్క ఆయనకు నచ్చుతుంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, బావి సంగతి తెలిశాక నా కాళ్లకు అడుగులు వాటంతటవే గుర్తుండిపోయాయి. అందరూ చేతులు పట్టుకుని నడిమధ్యకు ఎందుకు పరుగెడతారు? బావి అక్కడుంది. చేతులు మెల్లగా పైకి ఎందుకు లేస్తాయి? నీళ్లు ఉబికి వస్తున్నాయి. ఇలా అనుకుంటూ వేస్తే లెక్కపెట్టే పని సగం తగ్గుతుంది.

ఇప్పుడు అడుగులు చెబుతాను, వంటింట్లో ప్లాట్‌ఫాం పట్టుకుని ప్రాక్టీస్ చెయ్యి. మధ్యకు తిరిగి నిలబడి ఎడమ వైపు కదలాలి. అంటే వృత్తమంతా గడియారం ముల్లులా తిరుగుతుంది. కుడికాలు ఎడమకాలి ముందు నుంచి దాటించి వెయ్యి. ఎడమకాలు పక్కకు. మళ్లీ కుడికాలే, ఈసారి ఎడమకాలి వెనక నుంచి. ఎడమకాలు పక్కకు, కొంచెం ఎగిరినట్టు. ఈ నాలుగూ కలిస్తే ఒక ‘మయీమ్ అడుగు’. ఈ డ్యాన్స్ పేరే ఆ అడుగుకు స్థిరపడింది, వేరే డ్యాన్సుల్లో వచ్చినా అలాగే అంటారు. ‘ఉషఅవ్తెమ్ మయీమ్’ అని మొదలయ్యే వరుస రెండుసార్లు పాడేలోపు ఇది నాలుగుసార్లు పడాలి. కొత్తవాళ్లందరూ తడబడేది ‘వెనక నుంచి’ అన్న చోటే. నడుము కొంచెం వదులుగా ఉంచి, తుంటి తిరగనివ్వు. బిర్రబిగుసుకుంటే కాలికి కాలు తగులుతుంది.

తర్వాత ‘మయీమ్ మయీమ్’ అంటూ కుడికాలితో మొదలుపెట్టి నాలుగు అడుగులు లోపలికి, నాలుగు వెనక్కి, మళ్లీ ఒకసారి అలాగే. ‘హే హే హే హే’ అన్నప్పుడు ఎడమ వైపు నాలుగు చిన్న పరుగులు. ఆ తర్వాత గెంతులు. కుడికాలి మీద గెంతుతూ ఎడమ మునివేళ్లను ఒకసారి ముందు, ఒకసారి పక్కన తాకించాలి, అలా ఎనిమిది. కాలు మార్చి మళ్లీ ఎనిమిది, ఈసారి కాలు ముందుకు వచ్చిన ప్రతిసారీ చప్పట్లు. అంతే, మళ్లీ మొదటికి.

నీకు బతుకమ్మ ఆడిన కాళ్లున్నాయి, వృత్తం కొత్త కాదు. కానీ అక్కడ మన చేతులు మనవే, వంగి చప్పట్లు కొట్టుకుంటాం. ఇక్కడ పక్కవాళ్ల చేతులు నీ చేతుల్లో ఉంటాయి. గట్టిగా లాగకు, వేలాడకు. నువ్వు ఒక అడుగు తప్పితే వదిలేసి తర్వాతి దానిలో కలువు. ఆగిపోతే మాత్రం నీ వెనకున్నవాళ్లంతా నీ మీదకు వస్తారు.

సవ్తా నిన్ను ‘హోరా’ అనే ఇంకో వృత్తం డ్యాన్స్ కూడా నేర్చుకోమంటుంది చూడు. అది అన్నిటికన్నా తేలిక అంటారు. నాకు మాత్రం అదే కష్టమైంది. పాట ఎనిమిది దెబ్బలకు ఒక చుట్టు తిరుగుతుంటే, అడుగులు ఆరింటికే తిరిగి మొదలవుతాయి. పాటను లెక్కపెడితే కాళ్లు పోతాయి. పాటను చెవికి వదిలేసి ఆరు మాత్రమే పట్టుకో. హోరా రుమేనియా, బాల్కన్ ఊళ్ల నుంచి వలస వచ్చినవాళ్లతో వచ్చింది. 1924లో బారుఖ్ అగదాతి అనే అతను నాటకం వాళ్ల కోసం దాన్ని తీర్చిదిద్దాడు. ఆయనదీ రుమేనియా పక్కనున్న బెస్సరేబియా ప్రాంతమే. పెళ్లిళ్లలో హోరాకు వేసే ‘హవా నగీలా’ నువ్వు వినే ఉంటావు. సదగురా అనే ఊరి హసీదుల (యూదుల్లో ఒక భక్తి శాఖ) దగ్గర మాటల్లేకుండా పాడుకునే రాగాన్ని అబ్రహాం ఇడెల్సోన్ పాటగా మార్చాడు. వీణ నేర్చుకుంటున్న మీ చెల్లిని అడుగు, ఆ స్వరాలు వకుళాభరణానికి దగ్గరగా ఉంటాయి. మయీమ్ ట్యూన్ అలా ఉండదు.

ఈ డ్యాన్సులన్నిటినీ ఒకచోట చేర్చింది గురిత్ కద్మాన్. జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టిన ఆవిడ 1944లో దాలియా కిబ్బుట్జ్‌లో మొదటి పెద్ద ఉత్సవం పెట్టించింది. యూరప్‌లో యూదులను చంపుతున్న రోజులవి, ఇప్పుడు ఆడటమేమిటని అడిగినవాళ్లున్నారు. అయినా ఆడారు. మీ సవ్తాకు ఎనభై దాటాయన్నావు కదా, ఆ ఊపు తగ్గకముందే పెరిగిన మనిషి. ఏ పాటకు ఎక్కడ ఎవరితో ఆడిందో అడుగు, తిండి తినడానికి మొండికేసే రోజున ఇది బాగా పనిచేస్తుంది. ఒక్క మాట గుర్తుపెట్టుకో. ‘దబ్కా’ అడుగులు వేయించినప్పుడు అవి అక్కడి అరబ్బు పల్లెలవని తెలుసుకుని వెయ్యి. మనసులో ఆ లెక్క సరిగా ఉండాలి. యెమెన్ యూదుల అడుగూ ఒకటుంది, రెండు తొందరగా, ఒకటి నిదానంగా. మోకాళ్లకు హాయి.

డే సెంటర్‌లో కాళ్లు కుదిరాక శనివారం సెలవున తెల్ అవీవ్ బీచ్‌కు వెళ్లు, గోర్డన్ బీచ్ దగ్గర జనం వృత్తాలు కట్టి ఆడతారు. పాటలు పెట్టి నడిపించేవాణ్ని ‘మర్కీద్’ అంటారు. వేలకొద్దీ డ్యాన్సులున్నాయి, అన్నీ తెలిసినవాళ్లు లోపలి వృత్తంలో ఉంటారు. నువ్వు బయటి వరసలో నిలబడి, ముందున్న మనిషి కాళ్లు చూస్తూ వెయ్యి. ఇద్దరి మధ్య చేతులు విడదీసుకుని దూరకు, అది వాళ్లకు నచ్చదు. చెప్పులు వద్దు, మడమ పట్టే బూట్లు వేసుకో. చేరగానే బాంబుల నుంచి తలదాచుకునే షెల్టర్ ఎటువైపో చూసుకోవడం మాత్రం మరవకు.

సవ్తా విషయంలో జాగ్రత్త. ఆ గెంతుల దగ్గర ఆవిడను గెంతనివ్వకు. ఆవిడకు కోపం వస్తుంది, రానీ. ఆ భాగం రాబోతుంటే ముందే వృత్తం నుంచి కొంచెం బయటకు తెచ్చి, నీ భుజం పట్టుకుని మడమలు మాత్రం ఎత్తి దించమను. చప్పట్లు ఆవిడే కొట్టనీ, కూర్చునైనా సరే. మోకాళ్లు వాచి ఉన్న రోజున కుర్చీ వృత్తం పక్కనే వేయించు. బీపీ మాత్ర వేసుకున్న వెంటనే డ్యాన్సుకు లేపకు, డాక్టర్‌ను ఒకసారి అడిగి పెట్టుకో.

నీ అడుగులు ఎవరితోనైనా వీడియో తీయించి పంపు. మొహం అక్కర్లేదు, మోకాళ్ల నుంచి కింది దాకా కనబడితే చాలు, కాలు ఎక్కడ తప్పుతోందో చూసి ఆదివారం ఫోన్ చేస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ, ఆర్మూర్