ఇసినోఫిల్స్ తగ్గినా ఆయాసం మళ్లీ ఎందుకొస్తోంది?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మూడేళ్లుగా చలికాలం వస్తే తుమ్ములు, తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు. పరీక్షలు చేసి ఉబ్బసం అన్నారు. తెల్లరక్తకణాలు 9,400, అందులో ఇసినోఫిల్స్ 9 శాతం. వారం రోజులు స్టిరాయిడ్ మాత్రలు వాడితే 1 శాతానికి దిగింది. ఆపిన నెలలోపే మళ్లీ మొదలైంది. అలవాటైపోతుందని ఇన్‌హేలర్ వాడటం లేదు. ఈ కణాలను రప్పించే ఎంజైమ్‌నే ఆపే మాత్రలున్నాయట. వాడొచ్చా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు శాతాన్ని పక్కనపెట్టి సంఖ్య చూడండి. 9,400లో 9 శాతం అంటే 846. 500 దాటితే ఎక్కువ అంటాం కాబట్టి మీది ఓ మోస్తరు పెరుగుదలే. స్టిరాయిడ్ మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే ఈ సంఖ్య పడిపోతుంది. అందుకే మాత్రలు వాడుతుండగా వచ్చిన 1 శాతాన్ని నమ్మొద్దు. ఇసినోఫిల్స్ రక్తంలో ఉండేది ఒక్కరోజు లోపే. శ్వాసనాళాల గోడల్లోకి చేరాక రోజుల తరబడి అక్కడే ఉండి, విషపు ప్రోటీన్లు వదిలి లోపలి పొరను దెబ్బతీస్తాయి.

వాటిని అక్కడికి రప్పించేది మీ శ్వాసనాళమే. దుమ్ముపురుగుల్లాంటివి తగలగానే అక్కడి రోగనిరోధక కణాలు ఐఎల్-5, ఐఎల్-13 వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. ఐఎల్-5 ఎముక మూలుగలో ఇసినోఫిల్స్ తయారీని పెంచుతుంది. ఐఎల్-13 ప్రభావంతో శ్వాసనాళపు పొర ఇయోటాక్సిన్‌ను వదులుతుంది. ఇది ఇసినోఫిల్ మీది సీసీఆర్3 గ్రాహకానికి అతుక్కోగానే కణం లోపల పీఐ3 కైనేజ్ అనే ఎంజైమ్ మేల్కొంటుంది. ఇయోటాక్సిన్ ఏ వైపు ఎక్కువుంటే ఆ వైపు కణపు అంచు ముందుకు సాగుతుంది. కణం రక్తనాళపు గోడను పట్టుకుని, సందులోంచి దూరి బయటికొస్తుంది. ఐఎల్-5 సంకేతాన్ని కణం లోపలికి చేరవేసేవి జాక్ ఎంజైములు.

మీరు విన్నవి బహుశా ఈ జాక్‌ను ఆపే మాత్రలే. టోఫాసిటినిబ్‌ను కీళ్లవాతానికి, ఉపాడాసిటినిబ్‌ను తీవ్రమైన అలర్జీ ఎగ్జిమాకు కూడా ఇస్తారు. ఉబ్బసానికి వీటికి అనుమతి లేదు. జాక్ ఎంజైములు అలర్జీ కోసమే పుట్టినవి కావు. వైరస్‌లతో, టీబీతో పోరాడేటప్పుడూ, రక్తకణాల తయారీలోనూ అవే పనిచేస్తాయి. వాటిని ఒళ్లంతా ఆపితే నిద్రాణంగా ఉన్న టీబీ తిరగబెట్టొచ్చు, సర్పి రావొచ్చు, రక్తం గడ్డకట్టే ముప్పూ ఉంది. పీఐ3 కైనేజ్‌లోనే డెల్టా అనే రకాన్ని ఆపే మందును పీల్చే రూపంలో ఉబ్బసంపై పరీక్షించారు గానీ రోగులకు ఆశించిన మేలు కనిపించలేదు. ఒక దారి మూస్తే కణాలు మరో దారిన వస్తాయి మరి.

మీకు కావలసింది మీరు వద్దనుకుంటున్న ఇన్‌హేలరే. అందులోని స్టిరాయిడ్ ఐఎల్-5, ఇయోటాక్సిన్ తయారీని శ్వాసనాళంలోనే తగ్గిస్తుంది. మాత్రతో పోలిస్తే మోతాదు చాలా తక్కువ, అలవాటు పడటమన్నది లేదు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ ఒక్కటే వాడితే బిగుసుకున్న కండరం సడలుతుందంతే, కణాల రాక ఆగదు. సెట్రిజిన్ తుమ్ములకు సరిపోతుంది గానీ ఉబ్బసానికి చాలదు.

స్టిరాయిడ్ ఉన్న బుడెసొనైడ్–ఫార్మోటెరాల్ ఇన్‌హేలర్ గురించి మీ డాక్టర్‌తో మాట్లాడండి, మోతాదు ఆయనే నిర్ణయించాలి. పంప్ రకమైతే బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, స్పేసర్‌తో (పంప్‌కు తగిలించే గొట్టం) నెమ్మదిగా పీల్చి 10 సెకన్లు ఆపండి. తర్వాత నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి, లేదంటే నోట్లో తెల్లపూత వస్తుంది. పూర్తి ఫలితానికి వారాలు పడుతుంది. బాగుందని మధ్యలో ఆపేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. కనీసం మూడు నెలలు అదుపులో ఉన్నాకే మోతాదు తగ్గించే మాట.

‘ఇస్నోఫీలియా’ అనగానే ఫైలేరియాకు ఇచ్చే డీఈసీ మాత్రలు రాయించుకోవడం మన దగ్గర పాత అలవాటు. ఫైలేరియా వల్ల వచ్చే ట్రాపికల్ ఇసినోఫీలియాలో సంఖ్య సాధారణంగా 3,000 దాటుతుంది. మీది ఆ కోవలోది కాదు. నులిపురుగుల కోసం మల పరీక్ష మాత్రం చేయించండి. స్ట్రాంగిలాయిడ్స్ పురుగు ఉండగా స్టిరాయిడ్ మాత్రలు వాడితే అది ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి రావొచ్చు.

ఇన్‌హేలర్ సరిగ్గా వాడుతున్నా ఏడాదికి రెండుమూడు సార్లు ఉబ్బసం విరుచుకుపడితే అప్పుడు ఐఎల్-5ను అడ్డుకునే మెపోలిజుమాబ్ ఇంజెక్షన్ గురించి ఆలోచిస్తాం. పెద్దలకు నాలుగు వారాలకోసారి 100 మిల్లీగ్రాములు. స్టిరాయిడ్ మాత్రలు ఆపిన నాలుగు వారాలకు, మొదట రక్తం ఇచ్చిన వేళకే మళ్లీ పరీక్ష చేయించుకుని, స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష) రిపోర్టుతో పల్మనాలజిస్టును కలవండి. ఈలోగా ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.