మా అమ్మాయి రీసెర్చ్ అంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా అమ్మాయి లా చివరి సంవత్సరం. లక్ష్యాధారిత నియంత్రణ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఆ పేరే నాకు నోరు తిరగడం లేదు. డేటా ప్రైవసీ సర్టిఫికెట్ కోర్సు చేసిన ఎదురింటి అబ్బాయికి హైదరాబాద్‌లో మంచి ప్యాకేజీ వచ్చింది. రెండింట్లో ఏది మేలు? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: సబ్జెక్టు పేరు మారుతుందంతే, ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. ‘అమ్మాయి ఏం చేస్తోంది’ అని చుట్టాలు అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేమే అన్నది చాలామంది అసలు బెంగ.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. మన 1948 ఫ్యాక్టరీల చట్టం గోడలకు 14 నెలలకోసారి సున్నం వేయాలని కూడా రాసింది. బ్రిటన్ 1974 చట్టం అలా కాదు, వీలైనంత మేరకు కార్మికుల భద్రత చూడమని యజమానికి చెప్పి ఊరుకుంది. గమ్యం చట్టానిది, దారి కంపెనీది. లక్ష్యాధారిత నియంత్రణ అంటే ఇదే. మరి ఆ దారి సరైనదని తేల్చేదెవరు? కంపెనీయే అంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టు. అధికారి అంటే, ముందు చెప్పని నియమానికి తర్వాత శిక్ష వేసినట్టు. బయటి గోడలు మంటల వ్యాప్తిని ‘తగినంతగా’ అడ్డుకోవాలన్న నిబంధన ఉన్నచోటే, 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది పోయారు. మీ అమ్మాయి పట్టుకున్నది ఈ చిక్కునే.

ఇక సర్టిఫికెట్ కోర్సులంటే నాకు అనుమానమే. 2023 డేటా రక్షణ చట్టం ‘సహేతుకమైన’ భద్రతా చర్యలు తీసుకోమంటుంది, తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. ఏది సహేతుకం? కోర్సులో చేతికిచ్చే చెక్‌లిస్టు ఆ ప్రశ్నకు ఎంతోకాలం నిలవదు. ఆ లిస్టు బట్టీపట్టి ఇంటర్వ్యూలో నీళ్లు నమిలిన పిల్లలను నేను చూశాను.

కోపం తెచ్చుకోనంటే ఒక మాట. ఎదురింటి అబ్బాయి ప్యాకేజీ రాశారు గానీ, మీ పిల్లకు ఈ సబ్జెక్టు ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం రాయలేదు. ఐదేళ్లు ఫీజు కట్టారు కదా, ఎప్పుడైనా అడిగారా?

డబ్బు టెన్షన్ న్యాయమైనదే. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. రాకపోతే కష్టమే, దాచను. అందుకే ముందు ఏడాది పాటు ఎల్‌ఎల్‌ఎం (లాలో పీజీ) చేయనివ్వండి, అందులో రాసే డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) ఈ టాపిక్ మీదే రాయమనండి. అప్పటికీ విసుగు రాకపోతే పీహెచ్‌డీ. వస్తే, ప్రైవసీ ఉద్యోగాల ఇంటర్వ్యూకి ఆ డిసర్టేషనే పట్టుకెళ్లొచ్చు.